దురదకు దివ్యమైన పథ్యం

మోచేతి మడతల్లో ఎగ్జిమా ఎర్రగా పొక్కి, రాత్రంతా గోక్కుంటున్నారా? తప్పు వంకాయదే. విచారణ అక్కర్లేదు. మన బళ్ళారి జిల్లాలో ఇంట్లో కన్నడం మాట్లాడినా తెలుగు మాట్లాడినా ఈ ఒక్క తీర్పులో తేడా రాదు. మైసూరులో 741 మందిని పరీక్షిస్తే వంకాయకు అసలైన అలర్జీ నూటికి ఒక్కరికి కూడా తేలలేదని 2008లో అచ్చయింది. అయితే ఏం? మైసూరు వంకాయ వేరు, మన వంకాయ వేరు.

ఇక దురద పుట్టించే హిస్టమిన్. అది ఒంట్లోనూ పుడుతుంది. పులిసినవాటిలో, నిలవున్నవాటిలో, టమాటాలో, పాలకూరలో కూడా ఉంటుంది. తిన్నదాన్ని పేగుల్లోని డీఏఓ అనే ఎంజైము విరిచేస్తుంది. ఆ ఎంజైము చాలనివాళ్ళకు ఒళ్ళు ఎర్రబారి దురద పెట్టొచ్చు. ఎగ్జిమా ఉన్నవాళ్ళలో కొందరికి ఆ దురద ఎక్కువ కావచ్చు. ‘కొందరికి’ అన్నచోట చదవడం ఆపేసి, ఇంటిల్లిపాదికీ ఇడ్లీ, పెరుగు, చారు బంద్ చేయండి. టమాటా వేస్తారు కాబట్టి ఉగ్గాణి కూడా బందే. పక్కన మిరపకాయ బజ్జీ ఉండనివ్వండి, మనిషన్నాక ఏదో ఒకటి తినాలిగా.

చేపల దగ్గర మాత్రం ధైర్యం చూపండి. సముద్రం లేని ఊరికి కానగంతలు ఐసులో రావాలి. దారిలో ఐసు కరిగితే బాక్టీరియా చేరి వాటిలో హిస్టమిన్‌ను పెంచేస్తుంది. ఎంత ఉడికించినా అది పోదు. అయినా పులుసు తెర్లితే అన్నీ చస్తాయని మనం నమ్ముదాం. తుంగభద్ర డ్యాము బొచ్చె తాజాగా దొరికినా వద్దు, ముళ్ళెక్కువ.

అనుమానమున్నవి కొన్ని వారాలు ఆపి, ఒక్కొక్కటే మళ్ళీ తింటూ రాసుకోమంటారు డాక్టర్లు. అంత ఓపికెవరికి? అన్నీ ఒకేసారి మానేయండి. తగ్గినా దేనివల్ల తగ్గిందో తేలదు కాబట్టి జన్మంతా అన్నీ మానుకోవచ్చు.

స్నానం కాగానే, తడి పూర్తిగా ఆరకముందే పెట్రోలియం జెల్లీ రాస్తే చర్మంలో తేమ నిలిచి దురద తగ్గుతుంది. అంత చవక మందును ఎవరు నమ్ముతారు! బోరు నీళ్ళు పొగలు కక్కేలా కాచుకుని, ఘాటు సబ్బుతో తోముకుని, ఏప్రిల్ ఎండలో మన ఊళ్ళోనే కుట్టిన బిగుతు జీన్స్ తొడుక్కుని, తోరణగల్లు దాకా దుమ్ములో బండి మీద పోయి రండి. మోకాలి వెనక మండితే నిన్నటి చారును తిట్టండి.

చీటీ అడగని మెడికల్ షాపులో స్టెరాయిడ్ ట్యూబు దొరుకుతుంది. డాక్టరు చెప్పిన లెక్కలో వాడితే అది మంచి మందే, అందుకే లెక్కలేకుండా పూయండి. ఒకవేళ మీది ఎగ్జిమా కాక ఫంగస్ అయితే ఇంకా మేలు: ముందు ఎరుపు తగ్గి సంతోషపెడుతుంది, తరువాత తొడలనుంచి నడుము దాకా పాకుతుంది.

పిల్లాడికైతే పాలు, గుడ్డు, పప్పు, శెనక్కాయలు, అన్నీ ఆపండి. అంగన్‌వాడీ టీచరమ్మ బరువు తూచి మొహం చిట్లిస్తే, “పథ్యంలో ఉన్నాడమ్మా” అని గర్వంగా చెప్పండి.