లప్పం శాస్త్రం: పెరట్లో పాత జీపును బాగుచేసుకొను విధానం

భీమవరం చుట్టుపక్కల కొండ లేదు, గుట్ట లేదు. స్పీడు బ్రేకరును మించిన ఎత్తు ఎక్కాలంటే రైల్వే వంతెన మీదికి పోవాలి. అందుకే కాబోలు, కొండలెక్కడానికి పుట్టిన జీపు ఇక్కడ ప్రతి పెద్దింటి షెడ్డులోనూ ఒకటి ఉండి తీరుతుంది. తాతగారు కొన్నదో, మావగారు వేలంలో పాడుకున్నదో, ఎలక్షన్లలో మైకు కట్టి తిప్పి ఆ తర్వాత మరిచిపోయినదో. కొబ్బరి మట్టల కింద, ఖాళీ మేత బస్తాల వెనక, కాలిపోయిన ఏరేటరు మోటార్ల పక్కన పడి ఉంటుంది. దాన్ని ఈ సంక్రాంతికి రోడ్డెక్కించాలని మీకు బుద్ధి పుట్టింది. శుభం. ఈ కింది మెట్లు తు.చ. తప్పకుండా పాటిస్తే కనుమ సాయంత్రం దాకా బండికి ఢోకా లేదు. ముక్కనుమ సంగతి ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

మొదటి మెట్టు: ఇంట్లో ఒప్పించుట

ఖర్చెంతవుతుందో చెప్పకండి. చరిత్ర చెప్పండి. 1982లో ఎన్.టి. రామారావు గారు పాత షెవర్లే వ్యానును చైతన్య రథంగా మార్పించుకుని ఊరూరా తిరిగితే, పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకల్లా ముఖ్యమంత్రి అయిపోయారని గుర్తుచేయండి. "ఆయనకు ఓట్లొచ్చాయండీ, మీకు బిల్లులొస్తాయి" అని జవాబు రావచ్చు. దాన్ని అంగీకారంగానే తీసుకోండి.

రెండో మెట్టు: బండికి వంశం కట్టుట

మీ జీపు రెండో ప్రపంచయుద్ధంలో బర్మా వెళ్లొచ్చిందని వచ్చినవాళ్లందరికీ చెప్పండి. 1941–45 మధ్య విల్లీస్, ఫోర్డు కంపెనీలు రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. అన్నింటిలో ఒక్కటి మన ఉండి, ఆకివీడు వైపు రాకపోతుందా అని ఎదురు ప్రశ్న వేయండి.

తెలిసినవాడు ఎదురైతే మాత్రం ప్రమాదం. వాడు మీ మొహం చూడడు, బండి వెనక్కి పోయి చూస్తాడు. యుద్ధకాలపు జీపుకు వెనక తెరుచుకునే డోరు ఉండదు, స్టెప్నీ అక్కడే వేలాడుతుంది. ముందు రేకు జల్లెడకు తొమ్మిది గాళ్లుంటాయి. యుద్ధం అయ్యాక మామూలు జనం కోసం చేసినవాటికి ఏడే. ఫోర్డు బండైతే బోల్టు తలల మీద కూడా ఎఫ్ అక్షరం కనిపిస్తుంది. మీ బండి బానెట్టు ఎత్తుగా, గూని వచ్చినట్టుంటే అది సీజే-3బీ. పొడుగాటి హరికేన్ ఇంజను పట్టడానికి విల్లీస్ వాళ్లు 1953లో అలా లేపారు. ఇక మనవైపు ఆ గూని బండి కనిపించిందంటే అది మహీంద్రా వారు చేసిందే అయ్యుంటుంది.

ఆ కంపెనీ కథ మాత్రం తక్కువదా? 1945లో లూధియానాలో మహీంద్రా అండ్ మహమ్మద్ అన్న పేరుతో మొదలైంది. దేశం రెండు ముక్కలయ్యాక భాగస్వామి గులాం మహమ్మద్ అటు వెళ్లి పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి అయ్యారు, ఇటు 1948లో కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విల్లీస్ విడిభాగాలు తెప్పించి బొంబాయిలో జీపులు బిగించింది. బర్మా కథ కన్నా ఇదే బాగుంటుంది. కాకపోతే ఇందులో అబద్ధం కలపడానికి చోటు లేదు కనక సాయంత్రం అరుగు మీద చెల్లదు.

మూడో మెట్టు: తుప్పును మేపుట

ఇనుముకు తడీ గాలీ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే పరుగందుకుంటుంది. మనం వెనామీ చెరువులో ఉప్పునీళ్లు పెట్టి, రాత్రంతా ఏరేటర్లు తిప్పి అందులోకి ఆక్సిజన్ కొడతాం. రొయ్య కోసం లక్షలు పోసి సమకూర్చిన వైభోగమంతా తుప్పుకు కావలసిందే. కాబట్టి జీపు షెడ్డు చెరువు గట్టు మీదే వేయండి, ఏరేటరు తుంపర పడేంత దగ్గరలో.

అంతటితో ఆగకండి. పట్టుబడి రోజున రొయ్యల క్రేట్లు జీపు వెనకే పెట్టించండి. ఐసు కరిగి ఉప్పునీరు నేల రేకు మీదికి కారుతుంది. ఆ నీరు పోవడానికి నేలలో కన్నాలు పెట్టారు కంపెనీవాళ్లు, వాళ్లకేం తెలుసు! ఎం-సీల్‌తో మూసేయండి. పైన మందపాటి రబ్బరు మ్యాటు పరిస్తే కింద ఏం జరుగుతోందో ఎవరికీ కనపడదు. పాత మిలిటరీ జీపుల్లో నేల కింద బలానికి పెట్టిన రేకు గాడుల్లో చెక్క దట్టించి ఉంటుంది. ఒకసారి నీరు పీల్చిందంటే అది ఎండాకాలం వచ్చినా వదలదు. రేకు లోపలి నుంచే మొదలై, మీరు పైన పాలిష్ పెడుతుండగా కింద పని పూర్తవుతుంది.

నాలుగో మెట్టు: పరీక్ష చేయకుండుట

చాసిస్, నేల రేకు, బాడీ బిగించే చోట్లు ఇవన్నీ స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడాలని కొందరు అంటారు. పొడిస్తే దిగుతుంది. దిగితే కన్నం పడుతుంది. కన్నం పడితే రేకు మార్చాలి. అందుకని పొడవకండి. అరచేత్తో తట్టి "పాతకాలం ఇనుమండీ, ఇప్పుడేవీ ఇలాంటివి!" అనండి. చెయ్యి ఎర్రబడితే ఫ్యాంటుకు తుడుచుకోండి.

ఐదో మెట్టు: తుప్పు తీయుట

ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు పెట్టమని పెద్దవాళ్లు సలహా ఇస్తారు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది కాబట్టి చిన్న బోల్టులకు కొంత పనిచేస్తుంది కూడా. జీపు మొత్తానికి సరిపోవాలంటే మాత్రం బస్తాలు కావాలి, ఆ ఏడాది ఇంట్లో పులుసు ఉండదు.

చదువుకున్న మేనల్లుడు కరెంటు పద్ధతి చెబుతాడు. నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు పోసి, చాకలి సోడా కలిపి, తుప్పు పట్టిన ముక్కను బ్యాటరీ చార్జరు నెగటివ్ తీగకు, పనికిరాని ఇనప ముక్కను పాజిటివ్‌కు తగిలించి వేలాడదీయాలి, రెండూ ఒకదానికొకటి తగలకూడదు. గాలి ఆడే చోట చేయాలి. ఎందుకంటే పైకి వచ్చే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఇదంతా సక్రమంగా చేస్తే తుప్పు నిజంగానే వదిలిపోతుంది కనక మన పద్ధతికి కొంచెం మార్పులు అవసరం. చాకలి సోడా బదులు ఉప్పు వేయండి, క్లోరిన్ వస్తుంది. ఇనప ముక్క బదులు వంటింట్లోంచి చెప్పకుండా స్టీలు గిన్నె తెచ్చి వేలాడదీయండి. అందులోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లు కాలవలోకి వదలండి. డ్రమ్ము పక్కన నిలబడి చుట్ట వెలిగించండి.

గ్రైండరుతో గీకించాలనుకుంటే సాయంత్రం గీకించి, ప్రైమరు మంచి రోజు చూసి వేయించండి. ఈ డెల్టా గాలిలో గీకిన ఇనుము తెల్లారేసరికి పసుపు రాసినట్టవుతుంది. గీకిన వెంటనే ఫాస్ఫారిక్ ఆమ్లం పట్టించి, తుడిచి, ఆరీ ఆరగానే రెడ్ ఆక్సైడో ఎపాక్సీ ప్రైమరో వేయాలన్నది తొందరపాటు మనుషుల మాట. అసలు ఈ పని సంక్రాంతి అయ్యాక, ఎండలు మొదలయ్యాక పెట్టుకుంటే సగం బాధ తప్పుతుంది. కానీ పండక్కి బండి కావాలి కదా! అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక చూసుకుని మొదలెట్టండి.

ఆరో మెట్టు: లప్పం

మొత్తం శాస్త్రానికి ఇదే గుండెకాయ. కన్నంలో వైరు మెష్ కుక్కి, మీద లప్పం మెత్తి, కాగితం పెట్టి రుద్దితే పుట్టుకతోనే అలా ఉందేమో అనిపిస్తుంది. టింకరు మేస్త్రీ ఈ విషయంలో నిజాయితీపరుడు. "లోపల రేకు లేదండి. మార్చుకుందామా?" అని ముందే అడుగుతాడు. "ఎంతవుతుంది?" అంటారు మీరు. చెబుతాడు. "పైన నున్నగా ఉంటే చాలదా?" అంటారు. "ఆయ్, మీ ఇష్టం అండి" అంటాడు. ఆ ఒక్క మాటలో హెచ్చరికా ఉంది, సెలవూ ఉంది. మీరు సెలవు మాత్రమే వినండి.

తప్పదు, రేకు వేయాల్సిందే అంటే గొడ్ల సావిడి కప్పుకు మిగిలిన జీఐ రేకు ఇవ్వండి. దాని మీది జింకు పూత గీకకుండా వెల్డింగు పెట్టిస్తే వచ్చే పొగకు కుర్రాడికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. గ్లాసు పాలు తాగితే సరి అనండి, ఆ పాలకు జింకుతో ఏ సంబంధమూ లేకపోయినా. ఇంకో ముఖ్య విషయం: ఈ జీపుల్లో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. నేల రేకుకు వెల్డింగు పెట్టేముందు ట్యాంకు విప్పి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకే కదా అనుకోవద్దు, లోపల మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. ఈ ఒక్క మాటలో వెటకారం లేదు, ఉన్నదున్నట్టు పాటించండి.

ఏడో మెట్టు: ఇంజను లేపుట

ఏళ్ల తరబడి నిద్రపోయిన ఇంజను జామైపోయి ఉంటుంది. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కాస్త నూనె పోసి, కొన్నాళ్లు నానబెట్టి, హ్యాండిలు పెట్టి మెల్లగా కదపాలట. అంత ఓపికెవరికి? ట్రాక్టరుకు గొలుసు కట్టి, జీపును గేర్లో వేసి, చెరువు గట్టు వెంట లాగించండి. పిస్టన్ రింగులు విరిగిన చప్పుడును "పట్టుకుంది!" అన్న కేకతో కప్పేయొచ్చు.

తర్వాత విద్యుత్తు. పాత విల్లీస్‌కు ఆరు వోల్టుల వైరింగు. హారను గట్టిగా మోగాలంటే పన్నెండు వోల్టుల బ్యాటరీ తగిలించండి. హారను గట్టిగానే మోగుతుంది, బల్బులు మాత్రం ఒకేసారి వెలిగి ఒకేసారి పోతాయి. పెట్రోలు ఖర్చు భరించలేకపోతే ఏదో పాత వ్యానులోంచి డీజిలు ఇంజను పీకి ఇందులో బిగించండి. విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే ఏ ఇంజనైనా ఏ బండిలోనైనా పట్టించే మహానుభావులున్నారు. పట్టడం వరకే వారి పూచీ.

ఎనిమిదో మెట్టు: కాగితాలు ఆఖరున వెతుకుట

బండికి మూడు పూతల రంగు పడ్డాక ఆర్సీ ఎక్కడుందో వెతకడం మొదలెట్టండి. తాతగారి పేరున ఉంటుంది, తాతగారు ఫొటోలో ఉంటారు. వారసత్వం కాగితాల మీద సంతకాలు పెట్టాల్సిన బాబాయిలు ఒకరు హైదరాబాదులో, ఒకరు డాలసులో. బండి బాగుపడిందని తెలియగానే ఇద్దరికీ దాని మీద చిన్ననాటి మమకారం గుర్తొస్తుంది.

2021 జులైలో కేంద్రం పాత బండ్లకు ఓ దారి తెరిచింది. మొదటి రిజిస్ట్రేషను నాటి నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న కార్లకు, మోటారు సైకిళ్లకు వింటేజి రిజిస్ట్రేషను ఇస్తారు. కొత్తగా చేయించుకుంటే రుసుము 20,000, పదేళ్ల చెల్లుబాటు, తర్వాత రెన్యువల్‌కు 5,000. నంబరు పలక మీద వీఏ అన్న అక్షరాలు వస్తాయి. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించడానికో, మరమ్మతుకో రోడ్డెక్కొచ్చు గానీ రోజూ తిరగడానికి, కిరాయిలకు పనికిరాదు. "అసలు రూపం" అన్నచోట మీ డీజిలు ఇంజను దగ్గుతుంది. వింటేజి వద్దు, మామూలు ఆర్సీ చాలంటారా? కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని యజమాని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. కాబట్టి ఇంజను మార్చిన తర్వాతే ఈ పేరా చదవండి.

తొమ్మిదో మెట్టు: సంక్రాంతి

భోగి పొద్దున మావుళ్లమ్మ గుడి దగ్గర పూజ చేయించి, అద్దం ముందుకు మడిచి, అమెరికా నుంచి వచ్చిన పిల్లల్ని వెనక ఎక్కించి కోడిపందాల బరి వైపు బయల్దేరండి. ఫొటోలు కుడివైపు నుంచే తీయించండి, ఎడమవైపు లప్పం ఇంకా ఆరలేదు. రాజమండ్రి దాటి మారేడుమిల్లి ఘాటు ఎక్కుతారా అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకోండి. ఫిబ్రవరిలో లప్పం పగుళ్లిస్తుంది, మార్చిలో రంగు పొంగుతుంది, వానలకు పెచ్చు ఊడుతుంది. అప్పుడు మళ్లీ మొదటి మెట్టు.

ఈ తొమ్మిదీ కింది నుంచి పైకి చదివితే అసలు విధానం దొరుకుతుంది. ముందు కాగితాలు, తర్వాత ఇంజనుకు ఓపిక, తర్వాత నేల రేకు, చాసిస్, వాటి మీద తడి నిలవకుండా కన్నాలు, అన్నీ అయ్యాకే రంగు. కనపడని చోట పెట్టిన డబ్బే బండిని నిలబెడుతుంది, కనపడేచోట పెట్టింది ఫొటోలో మిగులుతుంది. సంక్రాంతి ప్రతి ఏడూ వస్తుంది, తొందర లేదు. రంగు డబ్బా వచ్చే ఏడు కొనొచ్చు, ఈ ఏడు ఒక మంచి స్క్రూడ్రైవరు కొని నేల రేకు పొడిచి చూడండి.