సినిమా కానిది లెక్కలోకి రాదన్నాను

డిగ్రీ చదివే రోజుల్లో మేం కాలేజీలో కంటే నరసరావుపేట పల్నాడు రోడ్డులోని ఓ క్యాసెట్ల కొట్టు దగ్గరే ఎక్కువసేపు ఉండేవాళ్ళం. కావాల్సిన పాటలు కాగితం మీద రాసిస్తే ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చేవాళ్ళు. అరవై నిమిషాల దానికో రేటు, తొంభై నిమిషాల దానికో రేటు. ఆ చీటీ రాసే దగ్గరే మా గొడవ మొదలయ్యేది. తెలుగు పాటను దారి మళ్ళించిన క్యాసెట్టు ఏది? ఎవరి చీటీలో ఏ సినిమా మొదట ఉంటే వాళ్ళది ఆ పక్షం.

శంకరాభరణం పక్షం గట్టిది. 1980లో ఆ సినిమా వచ్చాకే మామూలు ఇళ్ళల్లో కూడా పిల్లల్ని సంగీతం నేర్చుకోమని పంపారనేవాళ్ళు. మహదేవన్‌కీ, బాలుకీ, వాణీ జయరామ్‌కీ ముగ్గురికీ జాతీయ అవార్డులు తెచ్చిన పాటలవి. ఇళయరాజా పక్షం వాళ్ళు సాగర సంగమానికీ, రుద్రవీణకీ వచ్చిన అవార్డులు చెప్పి, ఆపైన గీతాంజలి క్యాసెట్ పెట్టించేవాళ్ళు. నాది రోజా పక్షం. 1992లో రెహమాన్ మొదటి సినిమా అది. అంతకుముందు వినని శబ్దం, చెవి పక్కనే నీటి చుక్క రాలినంత స్పష్టంగా వినపడే శబ్దం. ఇక మిగతావన్నీ పాతబడిపోయాయని తేల్చేశాను.

మాలో ఒకడు పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఓ సాయంత్రం నెమ్మదిగా, "ఘంటసాల భగవద్గీత సంగతేందిరా?" అన్నాడు. అందరి ముందూ నవ్వాను. "చావింట్లో పెట్టే క్యాసెట్టు కూడా ఓ క్యాసెట్టేనా? సినిమా కానిది లెక్కలోకి రాదు" అన్నాను. అక్కడే తప్పు చేశాను. వాదనలో ఓడిపోతానేమోనని కాదు, నిజంగా అలాగే నమ్మాను కాబట్టి అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. ఆ తర్వాత వాడు మా చర్చల్లోకి రాలేదు. నేనూ పిలవలేదు.

వాడు చెప్పినదాంట్లో ఎంత ఉందో ఇప్పుడు చూడండి. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఆయన పాడిన గీత హెచ్ఎంవీ రికార్డుగా ఆ తర్వాతే బయటికొచ్చింది. శ్లోకం, వెంటనే తెలుగులో తాత్పర్యం. సంస్కృతం ముక్క రాని మనిషికి కూడా అది తన భాషలోనే అందింది. మాచర్లలోనైనా గురజాలలోనైనా తెల్లారి మైకులో ఆ గొంతు వినపడితే వీధిలో వాళ్ళు చేస్తున్న పని ఆపి, "ఎవరు పోయారంట?" అని అడుగుతారు. ఒక రికార్డు ఊరికి కబురుగా మారిపోయింది. శంకరాభరణానికీ, రోజాకీ కూడా దక్కని స్థానం అది. ఇది నాకు తెలియక కాదు, మా వీధిలోనే ఎన్నోసార్లు విన్నాను. విన్నదాన్ని సంగీతం కింద లెక్కేయలేదు.

నా నమ్మకం కూలింది మాత్రం గీత దగ్గర కాదు, కోటప్పకొండ తిరనాళ్ళలో. ఆ శివరాత్రి ఊళ్ళ నుంచి కట్టుకొచ్చిన ఎత్తైన ప్రభల్లో ఒకదాని ముందు సత్య హరిశ్చంద్ర కాటి సీను నడుస్తోంది. నేను రికార్డింగ్ డాన్సు ఉన్న ప్రభ వెతుక్కుంటూ పోతూ జనంలో ఇరుక్కుపోయాను. పక్కనే తలగుడ్డ చుట్టుకున్న ఓ పెద్దాయన, అరచేతుల్లో మిరపకోతల నల్లమరకలు. హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకోకముందే ఈయన పెదవులు కదిలాయి. నటుడు రాగం తీస్తుంటే ఈయన కళ్ళు మూసుకుని ఆగాడు. సమాసం ఎక్కడ విరవాలో అక్కడే విరిచాడు. పద్యం అయిపోగానే "వన్స్‌మోర్" అని అందరితో పాటు అరిచాడు. నటుడు మళ్ళీ ఎత్తుకున్నాడు, ఈయనా మళ్ళీ మొదలుపెట్టాడు.

"నాటకం బాగా తెలిసినట్టుందే, బలిజేపల్లి వారి పద్యమేగా?" అన్నాను, తెలిసినవాడిలా. ఆయన నావైపు తిరిగి, "కాదబ్బాయ్, ఇది మా వినుకొండ జాషువా గారిది" అన్నాడు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదే. అయితే కాటి సీనులో జనం వన్స్‌మోర్ కొట్టే ఆ శ్మశానవాటి పద్యాలు గుర్రం జాషువావి. తెల్లవారుజామున బస్సుల దగ్గర ఆయనే మళ్ళీ కనపడి, "వినుకొండ బస్సు ఏదో బోర్డు చూసి చెప్పు నాయనా" అని అడిగాడు. అక్షరం రాని మనిషికి ఆ పద్యాలు నోటికొచ్చు. డిగ్రీ చదువుతున్న నాకు అవి ఎవరివో కూడా తెలియదు.

ఆ రాత్రి నుంచి నాకు సిగ్గుగానే ఉంది. జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. అంటరానితనం పెట్టిన అవమానాలు పడి, గబ్బిలం రాసి, 1970లో పద్మభూషణ్ అందుకున్న కవి. రాజుకూ పేదకూ ఒకటే మట్టి అన్న ఆయన మాటను, కాటికాపరిగా నిలబడ్డ హరిశ్చంద్రుడి గొంతులో పెట్టుకుని ఊరూరా జనం మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. ఆయనను దూరం పెట్టిన ఊళ్ళు కూడా ఆ పద్యానికి వన్స్‌మోర్ కొట్టాయి. డి.వి. సుబ్బారావు లాంటి హరిశ్చంద్రుల గొంతు క్యాసెట్లకెక్కాక టీకొట్లలో, ట్రాక్టర్ల మీద, చేలగట్ల మీద అదే. ఆ తిరనాళ్ళకు ముందు ఒకసారి ఓ టీకొట్టులో దాన్ని ఆపి నా క్యాసెట్టు పెట్టమని నేనే అడిగాను. కొట్టాయన ఆపి పెట్టాడు కూడా. అప్పుడది నాకు గెలుపులా అనిపించింది.

నా లెక్క ప్రకారం చూస్తే ఇంకా ఎంత పోతుందో. పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా చెప్పి పద్మశ్రీ అందుకున్న నాజర్ లెక్కలో లేడు. మా సినిమా చీటీల్లో పాటలున్న సంగీత దర్శకుడు చక్రవర్తి పుట్టింది నాజర్ ఊరైన పొన్నెకల్లులోనే, అదీ మాకు పట్టలేదు. కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరగాథ పాడే వీర విద్యావంతులు అసలే లేరు. వాళ్ళ పాటకు క్యాసెట్టూ లేదు, చీటీలో రాసే పేరూ లేదు. ఏ పాట ఎంత ప్రభావం చూపిందో తేల్చాలంటే అది ఎవరి నోట బతుకుతోందో చూడాలి. మేం క్యాసెట్టు అట్ట మీద బొమ్మ చూశాం.

రోజా అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే, దాని శబ్దం మన పాటను మార్చిందన్న మాట మీదా నిలబడతాను. కానీ ఇవాళ ఎవరైనా అడిగితే, తెలుగునాట మొత్తానికి ఘంటసాల భగవద్గీత అంటాను. పల్నాడు వరకైతే కాటి సీను. మీ అటక మీద పాత నాటకాల క్యాసెట్లు ఉంటే పారేయకండి. బూజు పట్టకముందే ఫోన్లోకి ఎక్కించుకోండి. పాడినవాళ్ళ పేరుతో పాటు రాసినవాళ్ళ పేరూ రాయండి. శ్మశానవాటి పద్యాల దగ్గర మాత్రం గుర్రం జాషువా, వినుకొండ అని తప్పకుండా రాయండి.