ఆదివారం దుష్యంతులు

సీతమ్మ స్నానం చేయని మడుగు, భీముడి పాదం పడని బండ, పాండవులు ఒక్క రాత్రైనా తల దాచుకోని గుహ తెలుగునాట దొరకడం కష్టం. ఆ పంపకాల్లో ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ మండలంలోని కుంటాల జలపాతం వాటాకు శకుంతల వచ్చింది. దుష్యంతుడి ఇల్లాలు ఈ అడవి అందానికి మురిసిపోయి ఇక్కడే జలకాలాడేదట, ఆమె పేరే జలపాతానికి నిలిచిపోయిందట. భారతం చెప్పే కణ్వాశ్రమమేమో హిమాలయాల చెంత, మాలినీ నది ఒడ్డున ఉంది. వాకిట్లో నదిని పెట్టుకుని ఇక్కడి కడెం నది దాకా స్నానానికొచ్చిందంటే, తల్లి మేనక ఆకాశమార్గాన ఏదో ఏర్పాటు చేసే ఉంటుంది. పోనిద్దురూ, స్థలపురాణాన్ని దారి ఖర్చుల లెక్క అడక్కూడదు.

శకుంతల రాక సందేహమే గానీ దుష్యంతుడి రాకలో సందేహం లేదు. వానలు పడ్డాక ప్రతి ఆదివారం వస్తాడు. హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద రథం తోలుకొచ్చి, నేరడిగొండ దగ్గర మళ్లి, ఇంకో 12 కిలోమీటర్లు లోపలికి పోతాడు. డిక్కీలో ఐసుపెట్టె, ఐసుపెట్టెలో సీసాలు. పాత దుష్యంతుడూ అడవికి వేటకొచ్చినవాడే. కానీ ఆశ్రమం గడప తొక్కేముందు సేనను బయట ఆపి, రాచ చిహ్నాలు తీసిపెట్టి, ఒద్దికగా లోపలికెళ్లాడు. మనవాడు చంకలో స్పీకరుతో మెట్లు దిగుతాడు. 147 అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్ల హోరు ఆయన చెవికి ఆనదు, దాని మీద డీజే పాట పడాల్సిందే.

దుర్వాసుడి శాపం, పోయిన ఉంగరం, చేప కడుపు అనగానే మనకు నోరూరే కథ ఉంది చూశారూ, అదంతా కాళిదాసు రాజుగారి పరువు నిలబెట్టడానికి పడ్డ పాట్లు. భారతంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. కొడుకు చెయ్యి పట్టుకుని శకుంతల నిండు సభకు వస్తే, రాజుకు అన్నీ గుర్తున్నాయి. గుర్తుండే, నువ్వెవరో నాకు తెలియదని బొంకాడు. ఆకాశవాణి సాక్ష్యం చెప్పాకే దారికొచ్చాడు. నన్నయ తెనిగించింది ఈ దుష్యంతుణ్ణే. కుంటాలకు వచ్చేదీ ఇతగాడే. ఇతనికి మరుపు శాపం ఏ మునీ పెట్టలేదు. చెత్తబుట్ట ఎక్కడుందో చూశాడు, దాన్ని తప్పించుకుని మరీ నడిచాడు. బండ మీద పగిలిన సీసా ఎవరిదయ్యా అంటే మాత్రం ‘ఏ సీసా?’ అంటాడు. ఈ కాలపు చేప కడుపులో బీరు మూతో, గుట్కా పొట్లమో దొరికినా వాటి మీద పేరు చెక్కి ఉండదు కాబట్టి ఏ రాజూ పట్టుబడడు.

దారి పక్కన ఒకామె మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంటుంది. ‘ముప్పయ్యా? ఇరవై తీస్కో’ అంటాడు మహారాజు. ‘గా సీసలకు గిట్లనే బేరం జేసినవా సారూ?’ అని ఆమె అడగొచ్చు. అడగదు. పొత్తు తిప్పి, నిప్పు మీద అట్టముక్కతో రెండుసార్లు విసిరి, ఉప్పూ నిమ్మచెక్కా రాసి చేతికిస్తుంది. ఆయన సగం కొరికి, మిగతా సగాన్ని కొండ మీది నుంచి కిందికి గిరాటేస్తాడు.

ఇక దర్శనం. ఇంత దూరం చూడ్డానికొచ్చినవాడు అక్కడున్నంతసేపూ జలపాతానికి వీపే చూపిస్తాడు. మొహం ఫోనుకు. ‘బాహుబలి ఎక్కింది ఇదేనా?’ అని ఒక అనుమానం కూడా ఉంటుంది. అది కేరళలోని అతిరప్పిళ్లి నాయనా, తెర మీద కనిపించిన ఎత్తులో చాలా భాగం కంప్యూటరు పోసిన నీళ్లు. అయినా మనకు ఏ నీళ్లూ సొంత పేరుతో రుచించవు. ములుగు జిల్లాలో బొగతను బొగత అంటే సరిపోదు, తెలంగాణ నయాగరా అనాలి. నయాగరా ఒడ్డున ఎవరైనా దాన్ని ‘మా అమెరికా బొగత’ అంటున్నారేమో, అక్కడున్న మనవాళ్లు కాస్త కనుక్కుని చెప్పాలి.

ఇంత హడావిడిలో కుంటాల చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఈ నీళ్లు ఏమవుతాయో అడిగేవాడు లేడు. శకుంతల ప్రచారంలో ఉంటుంది, వాళ్ల సోమేశ్వరుడు రాళ్ల మధ్య ఉంటాడు. అక్కడి రాతిరూపాన్ని శివలింగంగా కొలుస్తారు, శివరాత్రికి జనం తరలి వస్తారు. అప్పటికి ధార సన్నబడి ఉంటుంది, ఫొటోకు పనికిరాదు, అందుకని దుష్యంతుడికి ఆ రోజు తీరిక ఉండదు. ఇదే జిల్లా కేస్లాపూర్‌లో పుష్య మాసపు అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. దాని కోసం మెస్రం వంశపు గోండులు జన్నారం దిక్కు హస్తినమడుగు దాకా కాలినడకన పోయి, గోదావరి నీళ్లు కలశంలో తెచ్చి దేవుణ్ణి అభిషేకిస్తారు. కుంటాల నుంచి దూకిన కడెం కలిసేది ఆ గోదావరిలోనే. కలశం నీళ్ల కోసం రోజుల తరబడి నడిచే మనుషులున్న జిల్లాకు వచ్చి, అదే నీళ్లలో చిప్సు కవర్లు వదిలి, ‘పరిశుభ్రత శూన్యం’ అని ఒక్క చుక్క రేటింగు ఇచ్చిపోయే ఘనుడు మనవాడు. గోండుల వంశగాథల్ని పర్ధాన్లు కిక్రీ వాయిస్తూ పాడతారు. వినాలంటే ముందు ఆ స్పీకరు ఆపాలి.

నవ్వులాట ఇంతవరకే. నీళ్లు పడేచోట లోతైన గుండాలున్నాయి. వాటిలో దిగి మళ్లీ పైకి రాని పిల్లలు చాలామంది. దిగొద్దని బోర్డు చెబుతుంది, ఊరివాళ్లు చెబుతారు. ‘నాకు ఈతొచ్చు’ అంటాడు. అపార్ట్‌మెంటు పూల్లో నేర్చిన ఈత! అందులో నాచు పట్టిన బండ ఉండదు, కిందికి లాగే సుడి ఉండదు. ఎగువన వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. ఈ కడెమే 2022 జూలైలో దిగువన ప్రాజెక్టు గేట్ల మీదుగా పొర్లి ఊళ్లు ఖాళీ చేయించింది. ఈయన రీలు పూర్తయ్యేదాకా ఆగుతుందా? చివరికి శవం కోసం ఆ గుండంలోకి దిగాల్సింది ఊరి గజ ఈతగాళ్లే. పొద్దున ‘దిగకు సార్’ అన్నది వాళ్లే, ‘నీకెందుకు’ అనిపించుకున్నదీ వాళ్లే.

కాబట్టి అయ్యలారా, కుంటాల వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. వానలు తగ్గాక, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా చూడముచ్చటగా ఉంటుంది. పొత్తు చెప్పిన ధరకే కొనండి. గుండం జోలికి పోకండి. సీసాలు తిరిగి మీ వెంటే తీసుకెళ్లండి. వచ్చేటప్పుడు నిండు సీసాలు పట్టిన డిక్కీలో, పోయేటప్పుడు ఖాళీవి పట్టవా?