నేను నిద్రను రాస్తాను

నేను పాలీసోమ్నోగ్రఫీ యంత్రాన్ని. ఆసుపత్రిలో అందరూ స్లీప్ స్టడీ మిషను అంటారు. కర్నూలు నుంచి నంద్యాల పోయే హైవే మీద, పాణ్యం దగ్గర ఒక ఆసుపత్రి పై అంతస్తు గదిలో నా కాపురం. ఒక మంచం, గోడకు ఒక కెమెరా, పక్క గదిలో కంప్యూటరు, దాని ముందు తెల్లవార్లూ మేలుకొని కూర్చునే ఒక టెక్నాలజిస్టు. ఇదే నా లోకం. పగలు నాకు పని ఉండదు. రాత్రి తొమ్మిది దాటాక మొదలవుతుంది.

మా వంశం మెదడు విద్యుత్తు దగ్గర పుట్టింది. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు మనిషి మెదడు తరంగాలను మొదటిసారి నమోదు చేశాడు, 1929లో ప్రచురించాడు. 1950ల మొదట్లో షికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే విద్యార్థి తన ఎనిమిదేళ్ల కొడుకు కళ్ల పక్కన తీగలు అంటించి, నిద్రలో కనుగుడ్లు చకచకా తిరగడం గమనించాడు. 1953లో అతనూ గురువు క్లైట్‌మన్ కలిసి ఆ సంగతి లోకానికి చెప్పారు. ఆర్ఈఎం నిద్ర అలా బయటపడింది. అప్పటిదాకా నిద్రంటే మెదడు విశ్రాంతేనని ఎక్కువగా అనుకున్న వైద్యం, కొత్త చదువు మొదలుపెట్టాల్సి వచ్చింది.

మా పెద్దలు కాగితం మీద రాసేవాళ్లు. సెకనుకు పది మిల్లీమీటర్ల చొప్పున కాగితం కదిలేది. ముప్ఫై సెంటీమీటర్ల పేజీకి ముప్ఫై సెకన్ల నిద్ర. ఎనిమిది గంటలకు 288 మీటర్ల కాగితం. ఇప్పుడు కాగితం పోయింది కానీ ఆ ముప్ఫై సెకన్ల కొలత పోలేదు. దాన్ని ఎపోక్ అంటారు. ఎనిమిది గంటల రాత్రిలో 960 ఎపోక్‌లు. వాటిలో ప్రతిదాన్నీ ఒక మనిషి కళ్లతో చూసి ఇది మెలకువ, ఇది ఎన్1, ఇది ఎన్2, ఇది ఎన్3, ఇది ఆర్ఈఎం అని నిద్ర దశ గుర్తు పెట్టాలి. బియ్యంలో రాళ్లు ఏరేంత ఓపిక కావాలి దానికి.

నా చేతికి ఏమేం అందుతాయో చెప్తాను. తలమీద అంటించిన గోల్డ్ కప్ ఎలక్ట్రోడ్ల నుంచి మెదడు తరంగాలు, కళ్ల పక్క నుంచి కనుగుడ్ల కదలిక, గడ్డం కింద నుంచి కండరాల బిగువు, ఛాతీకి పొట్టకు కట్టిన బెల్టుల నుంచి ఊపిరి ప్రయత్నం, ముక్కు దగ్గరి థర్మిస్టర్, కాన్యులా నుంచి గాలి రాకపోకలు, వేలి నుంచి రక్తంలో ఆక్సిజన్, కాళ్ల నుంచి కుదుపులు, గుండె నుంచి ఈసీజీ. మెదడు పంపేది వోల్టులో పదిలక్షల వంతుల్లో ఉంటుంది. అంత సన్నని కబురును చెడకుండా పట్టుకోవడం నా వంతు. దాని అర్థం చెప్పడం నా వల్ల కాదు. అది చదువుకున్న మనిషి పని.

నా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ నేల మనుషులే. బేతంచెర్ల నాపరాళ్లు లారీకెత్తుకొని రాత్రుళ్లు హైవే మీద పోయే డ్రైవర్లు. గని, శకునాల ఊళ్ల దగ్గరి సోలార్ పార్కులో రాత్రి కాపలా కాసేవాళ్లు. పిన్నాపురం కొండల్లో షిఫ్టు పని చేసేవాళ్లు. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కి చెక్కి మధ్యాహ్నానికే కళ్లు మూతలుపడే శిల్పులు. చాలాసార్లు జబ్బు సంగతి చెప్పేది రోగి కాదు, ఇల్లాలు.

"రాత్రి గురక పెడ్తా పెడ్తా ఉన్నట్టుండి ఊపిరి నిల్చిపోతాది సార్. నాకు భయమై తట్టి లేపుతాను. పొద్దున అడిగితే నాకేం తెల్దంటాడు."

ఆ ఒక్క మాటలో స్లీప్ ఆప్నియా లక్షణం మొత్తం ఉంది. గొంతు వెనక దారి మూసుకుపోతుంది, ఛాతీ పొట్ట ఊపిరి కోసం పెనుగులాడతాయి, గాలి మాత్రం లోపలికి పోదు. పది సెకన్లకు తగ్గకుండా గాలి ఆగితే దాన్ని ఆప్నియా అని లెక్క వేస్తారు. ఛాతీ పొట్ట కూడా కదలకుండా ఉంటే అది వేరే రకం, మెదడు నుంచే ఆజ్ఞ రాలేదని అర్థం. రెంటికీ వైద్యం ఒకటి కాదు. బెల్టు వదులుగా కట్టిన రాత్రి ఈ తేడా తెలియకుండా పోతుంది. బెల్టు ఎంత బిగించాలన్నది కూడా ఒక పాఠమే.

మా టెక్నాలజిస్టు ఈ పక్క ఊరి అమ్మాయే. ముందు ఈసీజీ తీసేది. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమెకు కొద్ది రోజుల శిక్షణ ఇచ్చారు. వైర్లు ఎక్కడ పెట్టాలో, ఏ బటను నొక్కాలో అంతవరకే. మిగతాదంతా ఆమె తర్వాత నేర్చుకున్నది, ఇప్పటికీ నేర్చుకుంటున్నది. ఆమె చదువుతోనే నా బతుకు ముడిపడి ఉంది.

ఆమె నేర్చుకున్న మొదటి సంగతి తలనూనె గురించి. మన దగ్గర మగాళ్లకైనా ఆడవాళ్లకైనా తలకు నూనె రాయకపోతే ఒళ్లు చల్లబడదు. నూనె తలమీద ఎలక్ట్రోడ్ నిలవదు. నిలిచినా చర్మం నుంచి వచ్చే నిరోధం పెరిగిపోయి గీతలు పిచ్చిగా ఊగుతాయి. ఆ నిరోధం 5 కిలో ఓమ్‌లు దాటకూడదని పాఠం. అందుకే ఫోన్లోనే చెప్తుంది: "పెద్దాయనా, సాయంత్రం తలకు పోసుకొని రాండి. నూనె పెట్టుకోవద్దండి."

రెండో సంగతి ఎండ. నంద్యాల వైపు వేసవిలో 40 డిగ్రీలు దాటిన పగటి వేడి రాత్రికీ గోడల్లో ఉంటుంది. కరెంటు పోయి ఏసీ ఆగితే రోగికి చెమట పడుతుంది. చెమట పట్టిన తల నుంచి నా తెరమీదికి నిదానమైన పెద్ద పెద్ద అలలు వస్తాయి. గాఢనిద్రలో, అంటే ఎన్3లో, వచ్చే అలలూ నిదానంగానే పెద్దగానే ఉంటాయి. 75 మైక్రోవోల్టులకు మించిన అలలు ముప్ఫై సెకన్లలో ఆరు సెకన్లయినా ఉంటే ఎన్3 అని నియమం. తెలియని కళ్లు చెమటను గాఢనిద్ర అని రాసేస్తాయి. తెలిసిన కళ్లు ఫ్యాను వేస్తాయి, తల తుడుస్తాయి, ఆ అలలు పోతాయో లేదో చూస్తాయి. మూడో సంగతి కరెంటు. చాలా ఇంగ్లీషు పుస్తకాల్లో మెయిన్స్ కరెంటు గోలను 60 హెర్ట్జ్ దగ్గర వెతకమని ఉంటుంది, అది అమెరికా లెక్క. మనకు 50. ఇట్లాంటివి పుస్తకం చదివితే సగం వస్తాయి, రాత్రి పక్కన కూర్చొని చెప్పే అనుభవజ్ఞులు ఉంటే పూర్తిగా వస్తాయి.

రికార్డింగు మొదలయ్యే ముందు ఆమె మైకులో మాట్లాడుతుంది. "అన్నా, తల కదిలించకుండా కళ్లతో మాత్రం ఎడమకు చూడు. ఇప్పుడు కుడికి. ఐదుసార్లు రెప్పలు కొట్టు. పళ్లు బిగించు. గురక పెట్టినట్టు శబ్దం చెయ్యి. ఊపిరి బిగబట్టు." దీన్ని బయోక్యాలిబ్రేషన్ అంటారు. రోగి మెలకువగా ఉండగానే నా ప్రతి తీగా నిజం చెబుతుందో లేదో పరీక్షించడం ఇది. ఇంగ్లీషులో నేర్చుకున్న ఈ ఆదేశాలను ఆమె పాణ్యం మాటలోకి తెచ్చుకుంది. రోగికి అర్థమైనప్పుడే నాకు సరైన గీత అందుతుంది.

ఇక నియమాల సంగతి. 1968లో రెక్ట్‌షాఫెన్, కేల్స్ ఒక మాన్యువల్ రాశారు. ప్రపంచమంతా దాదాపు నలభై ఏళ్లు దాన్నే పట్టుకుంది. 2007లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ కొత్త మాన్యువల్ తెచ్చి మూడో దశను, నాలుగో దశను కలిపి ఎన్3 చేసింది. గాలి పూర్తిగా ఆగకుండా తగ్గిపోవడాన్ని హైపాప్నియా అంటారు. 2007లో సిఫారసు చేసిన నియమంలో గాలి కనీసం 30 శాతం తగ్గి, ఆక్సిజన్ కనీసం 4 శాతం పడిపోతేనే లెక్క. 2012లో ఆక్సిజన్ 3 శాతం పడినా, లేక మెదడు ఒక్క క్షణం ఉలిక్కిపడినా లెక్కించమన్నారు. గంటకు ఆప్నియాలు, హైపాప్నియాలు కలిపి 5 దాటితే స్వల్పం, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. అంటే ఒకే లారీ డ్రైవరు, ఒకే రాత్రి, ఒకే రికార్డు ఒక లెక్కలో స్వల్పం కావచ్చు, ఇంకో లెక్కలో మధ్యస్థం కావచ్చు. నేను రాసినదాంట్లో ఒక్క గీత కూడా మారలేదు. చదివే నియమం మారింది. పాత నియమంతో ఆగిపోయిన టెక్నాలజిస్టు, రిపోర్టులో ఏ నియమం వాడారో చూడని డాక్టరు, ఇద్దరూ ఆ డ్రైవరుకు అన్యాయం చేసినట్టే.

ఒకసారి నేర్చుకొని సర్టిఫికెట్ గోడకు కొట్టుకుంటే చాలదా అని అడిగేవాళ్లకు ఇంకో లెక్క చెప్తాను. అమెరికాలో 2,500 మందికి పైగా స్కోరర్లకు, అంటే ఎపోక్‌లకు దశ గుర్తు పెట్టేవాళ్లకు, ఒకే ఎపోక్‌లు ఇచ్చి చూసి, ఫలితాలను 2013లో ప్రచురించారు. మొత్తంమీద సుమారు 83 శాతం ఏకాభిప్రాయం వచ్చింది. ఆర్ఈఎం దగ్గర 90 శాతం. మెలకువకూ నిద్రకూ నడుమ ఉన్న ఎన్1 దగ్గర 63 శాతమే. రోజూ ఇదే పని చేసేవాళ్ల సంగతి ఇది. అందుకే ఒకే రికార్డును పదిమంది విడివిడిగా స్కోరు చేసి, తర్వాత కూర్చొని ఎందుకు తేడా వచ్చిందో మాట్లాడుకునే అభ్యాసం ఈ వృత్తిలో అన్నిటికంటే విలువైన పాఠం. మా అమ్మాయి ఆన్‌లైన్‌లో అట్లాంటి అభ్యాసాలు చేస్తున్నప్పుడు నాకు ధైర్యంగా ఉంటుంది. కంప్యూటరులో ఆటోమేటిక్ స్కోరింగు ఉంది. అది వేగంగా పని చేస్తుంది. కానీ ఊడిపోయిన థర్మిస్టరును ఆగిపోయిన ఊపిరి అనుకోకుండా కాపాడేది ఆమె కళ్లే.

చదువు డాక్టర్లకూ కావాలి. ఎంబీబీఎస్‌లో నిద్రకు దక్కే గంటలు చాలా తక్కువ. డాక్టర్లు ఐదేళ్లలో కనీసం 30 గంటల నిరంతర విద్యలో పాల్గొనాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెప్పాయి. ఆ గంటల్లో కొన్నయినా నిద్రకు కేటాయిస్తే మత్తు డాక్టరు ఆపరేషనుకు ముందే గురక గురించి అడుగుతారు. అందుకోసం టొరాంటోలో ఫ్రాన్సిస్ చుంగ్ బృందం 2008లో ఇచ్చిన స్టాప్-బ్యాంగ్ ప్రశ్నలు ఎనిమిదే. ఆడవాళ్లలో స్లీప్ ఆప్నియా గురకగా కాక అలసటగా, నిద్రపట్టకపోవడంగా కూడా రావచ్చని తెలిస్తే, "టెన్షనమ్మా" అని పంపించేయరు. మన దేశానికి తగ్గ స్లీప్ ఆప్నియా మార్గదర్శకాలు 2014లో వచ్చాయి. ఇండియన్ సొసైటీ ఫర్ స్లీప్ రీసెర్చ్ లాంటి సంస్థలు డాక్టర్లకు, టెక్నాలజిస్టులకు కోర్సులు, పరీక్షలు పెడుతున్నాయి. అమెరికాలో రిజిస్టర్డ్ టెక్నాలజిస్టు ఐదేళ్లలో 50 క్రెడిట్ల చదువు చూపించి సర్టిఫికెట్‌ను నిలబెట్టుకోవచ్చు. మన దగ్గర ఆ పట్టుదల వ్యక్తుల మీద ఆధారపడి ఉంది. వ్యవస్థలోకి ఇంకా రావాలి.

ఇంత చదువూ ఎందుకంటే, జబ్బుకు వైద్యం ఉంది కాబట్టి. 1981లో సిడ్నీలో కాలిన్ సలివాన్ ముక్కు మాస్కు ద్వారా గాలి ఒత్తిడి పంపి గొంతు దారి తెరిచి ఉంచవచ్చని చూపించాడు. అదే సీప్యాప్. నా గదిలో దాని ఒత్తిడిని కొద్దికొద్దిగా పెంచుతూ సరైన చోట నిలపడం మా అమ్మాయి పని. తొందరపడి పెంచితే రోగి ఉక్కిరిబిక్కిరై మాస్కు పీకేస్తాడు. మీసం కింద గాలి కారుతుంటే మాస్కు మార్చాలి. ముందే కాసేపు మాస్కు చేతికిచ్చి, భయం పోగొట్టాలి. తెల్లవారి మందు బిళ్ల ఇచ్చినట్టు మిషను చేతిలో పెట్టి పంపితే అది ఇంట్లో అటక ఎక్కుతుంది. రోగికి నేర్పించడమూ టెక్నాలజిస్టు నేర్చుకోవాల్సిన విద్యే.

ఒత్తిడి సరైన చోటికి వచ్చిన క్షణం నాకు తెలుస్తుంది. గొడవ పడుతున్న బెల్టులు సర్దుకుంటాయి, ఆక్సిజన్ గీత నిలకడగా సాగుతుంది, ఆర్ఈఎం వరుసగా వస్తుంది. ఆ నిద్రతో లేచిన డ్రైవరు హైవే మీద తన ప్రాణమే కాదు, ఎదురొచ్చే బస్సులోని ప్రాణాలూ కాపాడతాడు.

నాకు ఆసుపత్రి యాజమాన్యాలతో ఒక మనవి ఉంది. నన్ను కొనడానికి లక్షలు పెడతారు, ఏటా సర్వీసు చేయిస్తారు. నా పక్కన కూర్చునే మనిషి చదువును మాత్రం ఆమె సొంత ఖర్చుకు, సెలవు రోజుకు వదిలేస్తారు. రాత్రంతా మేలుకున్న మనిషిని పగటి పూట క్లాసు వినమనడం నిద్ర వైద్యం చెప్పే పాఠానికే విరుద్ధం. నెలకు కొన్ని గంటల చదువును డ్యూటీలోనే చేర్చండి. డాక్టరు, టెక్నాలజిస్టు ఒకే తెర ముందు కూర్చొని ఒకే రికార్డు చదివే రోజు పెట్టండి. హైదరాబాదులో, చెన్నైలో చెప్పే పాఠం తెలుగులో పాణ్యం దాకా రావాలి. బేతంచెర్ల డ్రైవరు ఊపిరికి పెద్ద నగరపు రోగి ఊపిరికి ఉన్నంత విలువ ఉంది. దాన్ని చదివే కళ్లకూ అంతే చదువు అందాలి.