హ్యాండిక్యాప్ తగ్గకుండా కాపాడుకోవడం ఎలా?

గోల్ఫ్‌లో చేరి మూడేళ్ళయింది. చేరినప్పుడు నా హ్యాండిక్యాప్ 54. ఇవాళా 54. మధ్యలో ఒక్క పాయింటు కూడా జారనివ్వలేదు. ఇదేదో ఊరికే జరిగిపోయిందనుకోకండి. ఫీజు కట్టి కోచింగ్‌కి వెళ్తూ, ఆదివారం ఆదివారం పొద్దున్నే లేచి బంతులు కొడుతూ, శ్రద్ధగా నేర్చుకునే వాళ్ళ మధ్య తిరుగుతూ కూడా ఆట అంటకుండా చూసుకోవడానికి తామరాకు లక్షణం ఉండాలి. అది నాలో ఉంది. మీకూ రావాలనే ఈ నాలుగు ముక్కలు.

తెలియనివాళ్ళ కోసం లెక్క చెప్తాను. మామూలు కోర్సులో 18 హోల్స్‌కి పార్ 72. ఆట తెలిసినవాడు 72 దెబ్బల్లో ముగించాలన్నమాట. తెలియనివాడికి రాయితీ ఇస్తారు, దాని పేరే హ్యాండిక్యాప్. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో ఈ రాయితీకి పైహద్దు 54. అంటే హోల్‌కి మూడు దెబ్బలు ఉచితం. తెల్ల రేషన్ కార్డు లాంటిది. ఒకసారి చేతికొచ్చాక పోగొట్టుకోకూడదు. చిక్కేమిటంటే చివరి 20 రౌండ్లలో బాగా ఆడిన 8 తీసుకుని సగటు కడతారు. ఖర్మకాలి ఎనిమిదిసార్లు బాగా ఆడారా, కార్డు గల్లంతే.

ముందుగా గురువు సంగతి. ఒక్క గురువు దగ్గర కుదురుగా కూర్చుంటే ఎంతటివాడికైనా ఎంతో కొంత వచ్చేస్తుంది. అందుకని ఒకరు చాలరు. ఆదివారం మా కోచ్ చెప్పింది సోమవారం రాత్రి యూట్యూబ్‌లో ఇంకొకాయనతో కొట్టించేయాలి. ఎడమ మోచెయ్యి వంచొద్దని ఒకాయన అంటాడు, కాస్త వంగినా ఫర్వాలేదని ఇంకొకాయన అంటాడు. మీరు ఇద్దరి మాటా మన్నించి సగం వంచండి. ఎవరి మనసూ నొప్పించినట్టుండదు. బెన్ హోగన్ 1957లో రాసిన ‘ఫైవ్ లెసన్స్’ కూడా కొని పెట్టుకున్నాను. పుస్తకం చాలా బాగుంది. అట్ట ఇంకా నలగలేదు.

మా బ్యాచ్‌లో నలుగురం. బ్యాంకులో రిటైరైన మేనేజర్ గారు, పళ్ళ డాక్టరమ్మ, ఇంటర్ చదివే కుర్రాడు, నేను. మొదటిరోజు కోచ్ బంతి చూపించనేలేదు. నలభై నిమిషాలు క్లబ్ పట్టుకోవడమే. కుడిచేతి చిటికెన వేలు ఎడమచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఆనించాలి, బొటనవేలు ఇలా, అరచెయ్యి అలా. నా దగ్గరికొచ్చి వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీశాడు. “సార్, పొద్దున బ్రష్ ఎంత గట్టిగా పడతారో అంతే పట్టండి. బండలు కొట్టడానికి రాలేదు మనం” అన్నాడు. ఆయన అటు తిరగగానే నా పాత పట్టు నేను పట్టుకున్నాను. గల్లీ క్రికెట్‌లో ఎదురింటి డాబా మీదికి లేపిన చేతులివి. పరిగెత్తుకొచ్చే బంతినే కొట్టినవాడికి, కదలకుండా కూర్చున్న బంతి ఒక లెక్కా? ఈ ఒక్క ఆలోచన మనసులో గట్టిగా నాటుకుంటే చాలు, మిగతా సలహాలు చదవకపోయినా మీకు గోల్ఫ్ రాదు.

రేంజ్‌లో బకెట్ బంతులు తీసుకోగానే తొందరపడాలి. వంద బంతులకి ఇరవై నిమిషాలు చాలు. అన్నీ డ్రైవర్ అనే పెద్ద క్లబ్‌తోనే కొట్టాలి, ఎందుకంటే చప్పుడు బాగుంటుంది. పక్కన కొట్టేవాళ్ళు తిరిగి చూస్తారు. బంతి ఎక్కడ పడిందో చూడకుండా తర్వాతి బంతి పెట్టేసుకోవాలి. చూస్తే ఎందుకలా పోయిందనే ఆలోచన మొదలవుతుంది, అక్కణ్ణుంచి నేర్చుకోవడం ఎంతో దూరం ఉండదు.

డాక్టరమ్మ ఈ విషయంలో చాలా పొరపాటు పడింది. ఆవిడ చిన్న టవల్ మడిచి బంతికి జానెడు వెనక పరుస్తుంది. 7 ఐరన్ క్లబ్‌తో, టవల్‌కి తగలకుండా బంతిని కొట్టాలి. కొట్టాక ఆగుతుంది. టవల్ కదిలిందా అని చూస్తుంది. కదిలితే మళ్ళీ సర్దుతుంది. రెండు నిమిషాలకొక బంతి! నేను బకెట్ ఖాళీ చేసి చాయ్ తాగి వచ్చేసరికి ఆవిడ బకెట్‌లో ఇంకా సగానికి పైగా ఉండేవి. ఐరన్ ముందు బంతికి తగిలి, ఆ తర్వాతే నేలని గీరాలట. గడ్డి పెళ్ళ బంతి ఉన్నచోటుకి ముందు లేవాలి కానీ వెనక కాదట. నా ఐరన్‌కి భక్తి ఎక్కువ. ముందు భూమాతకి దండం పెట్టుకునే బంతి దగ్గరికి వెళ్తుంది. మ్యాట్ మీద ఆడేటప్పుడు ఆ దండం తెలియదు. క్లబ్ మ్యాట్ మీద జారి బంతిని ఎలాగోలా ఎగరేస్తుంది. కాబట్టి ఎప్పుడూ మ్యాట్ మీదే కొట్టండి, గడ్డి జోలికి పోకండి.

ఇక స్లైస్. కుడిచేతివాటం వాళ్ళ బంతి తిన్నగా బయల్దేరినట్టే కనిపించి, దారిలో కుడివైపు వంగి పొదల్లోకి పోతుంది. కొత్తవాళ్ళలో నూటికి తొంభైమందికి ఈ జబ్బే అని నా అంచనా. దీనికి నా మందు: మరింత ఎడమకి తిరిగి నిలబడండి. కుడికి పోయేదాన్ని ఎడమకి గురిపెడితే మధ్యకి రావాలా వద్దా? ఐదో తరగతి లెక్క. కోచ్ ఒప్పుకోడు. క్లబ్ ముఖం ఎటు చూస్తే బంతి దాదాపు అటే బయల్దేరుతుందనీ, క్లబ్ వచ్చే దారికీ ముఖానికీ ఎంత తేడా ఉంటే అంత వంకర తిరుగుతుందనీ అంటాడు. ఎడమకి తిరిగి నిలబడితే క్లబ్ బంతిని అడ్డంగా కోస్తుందట, ముఖం కుడికే తెరిచి ఉంటుందట, వంకర ఇంకా పెరుగుతుందట. నిజమే, పెరిగింది. అందుకే ఇంకొంచెం ఎడమకి తిరిగాను. ఇప్పుడు నేను నిలబడితే వెనకనుంచి చూసేవాళ్ళు పార్కింగ్ వైపు కొడుతున్నాననుకుంటారు.

ఇంతవరకూ చెప్పింది ఎవరైనా చేయగలరు. అసలు గండం తోటి విద్యార్థులు. కోచ్ వారానికి గంటే ఉంటాడు, వీళ్ళు మిగతా రోజుల్లో కూడా వదలరు. మంగళవారం, గురువారం సాయంత్రాలు ముగ్గురూ కలుస్తారు. ఒకరి స్వింగ్ ఒకరు ఫోన్‌లో తీసి, నెమ్మదిగా తిప్పి చూసుకుంటారు. “అంకుల్, మీ నడుము ముందే తిరుగుతోంది” అని ఆ కుర్రాడు అరవై దాటిన మేనేజర్ గారితో అంటే, ఆయన కోప్పడకుండా “ఏదీ, మళ్ళీ చూపించు నాయనా” అంటాడు. బ్యాంకులో లోన్లు ఇలాగే ఇచ్చి ఉంటాడు. నా స్వింగ్ కూడా తీస్తామన్నారు. ససేమిరా అన్నాను. ఒకసారి తీసింది చూశాను, అందులో ఎవరో బొడ్డుకింద ప్యాంటు కట్టుకున్న పెద్దమనిషి కందిరీగల్ని తోలుతున్నాడు. కెమెరా కోణం తప్పు.

వీళ్ళని ఎదుర్కోవడానికి ఒకటే ఉపాయం. మీరే ముందుగా సలహాలివ్వండి. చెప్పేవాడికి వినే అవసరం ఉండదు. డాక్టరమ్మ షాట్ బాగా పడినా సరే, “తల లేస్తోందండీ” అనండి. ఆవిడ చాలా మర్యాదస్తురాలు, “అలాగేనండీ” అంటుంది.

మంగళవారం వాళ్ళు చేసేదంతా పటింగ్. హోల్ చుట్టూ మూడడుగుల దూరంలో గుండ్రంగా ఎనిమిది బంతులు పేరుస్తారు. వరసగా ఎనిమిదీ లోపల వేయాలి. ఏడు వేసి ఎనిమిదోది తప్పితే మళ్ళీ మొదటినుంచి. ముందు పూర్తిచేసినవాళ్ళు కూర్చుంటారు, ఆఖరివాళ్ళు చాయ్ ఇప్పించాలి. మేనేజర్ గారు నోటుబుక్కులో తేదీ వేసి లెక్క రాస్తాడు, పాత లెడ్జరు గీతలు గీసి మరీ. ఒకరోజు ఆ కుర్రాడు ఏడోదాని దగ్గర నాలుగుసార్లు తప్పి, దీపాలు వేసేదాకా అక్కడే వంగి ఉన్నాడు. మిగతా ఇద్దరూ చాయ్ చల్లారబెట్టుకుని కూర్చున్నారే కానీ “పోనీలే” అని ఒక్కరూ అనలేదు. ఇంత జాలి లేని మనుషులని నేను చూడలేదు.

పటింగ్‌కి సాధనేమిటి? హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు, బంతి 43 కూడా ఉండదు. పక్కపక్కన రెండు పట్టేంత నోరు. నెట్టడమే కదా, చిన్నప్పుడు గోళీలాడిన ఎవడైనా నెడతాడు. మేనేజర్ గారు మాత్రం లెక్క చెప్పాడు: పార్ కట్టేటప్పుడు హోల్‌కి రెండు పట్‌లు లెక్కేస్తారు, 18 హోల్స్‌కి 36, అంటే 72లో సరిగ్గా సగం. “సగం డిపాజిట్ ఇక్కడే ఉంటే మీరు పోయి డ్రైవర్‌తో చప్పుడు చేస్తారేమిటండీ?” అన్నాడు. రిటైరైనా చాదస్తం పోలేదు.

సామాను సంగతి రెండు మాటల్లో. బ్యాగులో 14 క్లబ్బులకి మించి ఉండకూడదని అమెరికా వాళ్ళు 1938లోనూ, బ్రిటన్ వాళ్ళు మరుసటి ఏడూ నియమం పెట్టారు. కోచ్ నాకు ఐదు చాలన్నాడు. నేను పద్నాలుగూ కొన్నాను, నియమం ఉన్నది పాటించడానికే కదా.

కోర్సు మీదికి వెళ్ళాక సాకులు సిద్ధంగా ఉండాలి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అంటారు కానీ, ఇన్ని మద్దెలలున్న ఆట ఇంకోటి లేదు. గాలి, గడ్డి, ఇసుక, ముందు గ్రూపు, వెనక గ్రూపు, క్యాడీ దగ్గు. హైదరాబాదులోనైతే ఇంకా సౌకర్యం. గోల్కొండలో నయాఖిల్లా గోడల మధ్యే కోర్సు. ‘హతియాన్ కా ఝాడ్’ అని పిలిచే ఆ పాత బావోబాబ్ చెట్టు చూశారా? దాని బోదె చుట్టూ ఎంతమంది చేతులు కలిపినా చాలరు. అలాంటి చారిత్రక కట్టడాల మధ్య ఏకాగ్రత ఎలా కుదురుతుంది? బంతి పోతే వెతకడానికి 2019 నుంచి మూడు నిమిషాలే గడువు, అంతకుముందు ఐదుండేవి. నా స్కోరు నిలకడగా ఉండడంలో ఈ రెండు నిమిషాల పాత్ర కూడా ఉందని నా నమ్మకం.

పోయిన నెల బ్యాచ్ నలుగురం కలిసి ఆడాం. డాక్టరమ్మ హ్యాండిక్యాప్ ఇప్పుడు 22. అంటే ఆవిడకంటే నాకు 32 దెబ్బలు ఎక్కువ రాయితీ. ఇంటి నుంచే గెలిచి బయల్దేరాను. అయినా ఎలా జరిగిందో, 18వ హోల్ దగ్గరికొచ్చేసరికి ఇద్దరి లెక్కా దగ్గరపడింది. చివరికి నాకు ఒక్క పట్ మిగిలింది. వేస్తే సమానం. కుర్రాడు తన పట్టర్ పక్కన పెట్టి దూరం చూశాడు. కాస్త అటూ ఇటుగా మూడడుగులు.

“అంకుల్, తల ఎత్తకండి. బంతి పడిన చప్పుడు వినండి చాలు” అన్నాడు మెల్లగా.

నేను తలెత్తి చూశాను. చూడకపోతే ఎలా తెలుస్తుంది? బంతి అంచు దాకా వెళ్ళి, సగం చుట్టు తిరిగి, పక్కన ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు. మేనేజర్ గారు జేబులోంచి నోటుబుక్కు తీసి, పెన్ను క్యాప్ తీసి, నా పేరు ఎక్కడుందో వెతికాడు. మూడేళ్ళలో ఆ పేజీలో ఏమీ రాయలేదు కాబట్టి దొరకడానికి కొంచెం సేపు పట్టింది.

నాలుగు చాయ్‌లకి నేనే డబ్బులిచ్చాను. పట్టర్ బరువు తక్కువైందని తేలింది. కొత్తది ఆర్డర్ పెట్టాను, గురువారం వస్తుంది.