చాకు మీ కోసం కొనకండి

జేబులో పెట్టుకునే మడత చాకు పెద్దది కొనాలా, చిన్నది కొనాలా అని అడిగితే అందరూ ఒకే తీరుగా చెబుతారు. మీరు చేసే పనేమిటో చూసుకోండి, పిడి నాలుగు వేళ్ళకూ సరిపోతుందో లేదో పట్టుకుని చూడండి, తర్వాత కొనండి అంటారు. ఆ మాటలు పక్కన పెట్టమనే నా సలహా. రోజూ జేబులో తిరిగే చాకును మన సొంత పనికి తీసేది తక్కువ. "చాకేమైనా ఉందా అండీ?" అని పక్కవాళ్ళు అడిగినప్పుడే అది ఎక్కువగా బయటికొస్తుంది. అందుకని సైజు తేల్చాల్సింది మీ అరచెయ్యి కాదు, ఆ అడిగేవాళ్ళు.

రైల్లో ఎదుటి సీటు పెద్దావిడ సంచిలోంచి జామకాయలు తీసి, "బాబూ, చాకుందా?" అంటుంది. 1964 నుంచి అమెరికాలో తయారవుతున్న బక్ 110 మీ దగ్గరుందనుకోండి. తొమ్మిదిన్నర సెంటీమీటర్ల బ్లేడు, రెండు వందల గ్రాముల బరువు. మంచి చాకే, ఆ మాట కాదనను. కానీ అది తెరుచుకుని టక్కున లాక్ పడగానే ఆవిడ మనవడు అమ్మ ఒళ్ళోకి జరుగుతాడు. పెద్దావిడ కూడా "వద్దులే నాయనా, కొరుక్కుని తింటాం" అంటుంది. అదే విక్టోరినాక్స్ వాళ్ళ 58 మిల్లీమీటర్ల చిన్న ఎర్ర చాకు అయితే, ఆ పిల్లాడే చెయ్యి చాస్తాడు. దాని బ్లేడు నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు. జామకాయ నాలుగు ముక్కలవడానికి అది చాలు. అందులోనే చిన్న కత్తెర, పట్టకారు, పళ్ళపుల్ల ఉంటాయి. ముల్లు గుచ్చుకున్న వాడికి బ్లేడు కంటే పట్టకారే ముఖ్యం.

కాబట్టి మొదటి నియమం: మీ పనికి కాస్త చాలని చాకునే కొనండి. పట్టుకుంటే చిటికెన వేలు బయటికి జారాలి. మీ చేతికి హాయిగా అమిరిందంటే, అది అడిగేవాళ్ళకు పెద్దదైందని గుర్తు. మీ పని ఆగితే ఆగనివ్వండి, ఇంటికెళ్ళి చేసుకోవచ్చు.

పెద్ద పని పడితే ఎలా అంటారు. ఏ పెద్ద పని? కొబ్బరిబొండాం కొట్టడానికి ఎంత పెద్ద మడత చాకూ పనికిరాదు, దానికి బొండాలమ్మే అతని కత్తే కావాలి. పాతిక కిలోల బియ్యం సంచికి పైన గొలుసు కుట్టు ఉంటుంది. సరైన వైపు మొదటి ముడి దగ్గర దారం తెంపి లాగితే మొత్తం జరజరా ఊడి వస్తుంది. దానికి చాకు మొన చాలు. కొరియర్ పెట్టెల దగ్గర పెద్ద బ్లేడు హానే చేస్తుంది. టేపుతో ఆగదు, లోపలి చీర మడత దాకా దిగుతుంది. చిన్న బ్లేడు అంత లోతుకి పోదు.

ఒక్క బంగినపల్లి మామిడి దగ్గరే చిన్న చాకు తడబడుతుందని ఒప్పుకోవాలి. ఒక్క వేటుకి చెంప ఊడిరాదు. తొడిమ దగ్గర మొన దించి, టెంక తగిలేదాకా నొక్కి, కాయను అరచేతిలో మెల్లగా తిప్పుతూ చుట్టూ గాటు పెట్టుకుంటూ రావాలి. మళ్ళీ రెండో చుట్టు. రసం మణికట్టు దాకా కారుతుంది. తర్వాత రెండు చెంపలూ చేత్తో మెలితిప్పితే ఒకటి వచ్చేస్తుంది, రెండోది టెంకతో ఉండిపోతుంది. ఆ టెంక చీకేది ఎవరో పిల్లలు తేల్చుకుంటారు. పెద్ద చాకుతో అర నిమిషంలో అయిపోయే పని ఇది. కానీ ఆలస్యమైనందుకు ఆ పూట ఎవరూ బాధపడరు.

చరిత్ర కూడా చిన్నదాని వైపే ఉంది. స్విట్జర్లాండ్‌లో చాకులు చేసే కార్ల్ ఎల్సెనర్ 1891లో తమ సైన్యానికి సిపాయి చాకులు అందించాడు. గట్టివే గాని బరువు. 1897లో తేలికైన ఆఫీసర్ చాకుకు హక్కులు రాయించుకున్నాడు. అందులో కార్క్ తీసే మరతో పాటు రెండో చిన్న బ్లేడు ఉంది. సైన్యం దాన్ని ఆఫీసర్లకు పంచలేదు, వాళ్ళే డబ్బులిచ్చి కొనుక్కున్నారు. ప్రపంచమంతా జేబులో పెట్టుకున్నది ఆ తేలికదాన్నే. ఇప్పటి సిపాయి చాకు 111 మిల్లీమీటర్లు, ఒంటిచేత్తో తెరుచుకుంటుంది. సైనికుడికి అది అవసరం, మనకు కాదు. గోరు పెట్టే గంటు ఉండి రెండు చేతులతో తెరిచేదే తీసుకోండి. బ్లేడు నెమ్మదిగా రావడం ఎదుటివాళ్ళు చూస్తే చాలు, బెదరరు.

ఫ్రాన్స్‌లో సవోయ్ ప్రాంతపు జోసెఫ్ ఒపినెల్ 1897లో 1 నుంచి 12 వరకు నంబర్లు వేసి ఒకే చాకును పన్నెండు సైజుల్లో చేశాడు. చెక్క పిడి, చూడముచ్చటగా ఉంటుంది. తర్వాత 1, 11 నంబర్లు ఆపేశారు. అన్నిటికంటే బుల్లిదైన నంబర్ 1ని ఆపడం తప్పని నా అభిప్రాయం. అందరూ కొనేది ఎనిమిదిన్నర సెంటీమీటర్ల బ్లేడున్న నంబర్ 8. మీరు 6 దాటకండి, దాని బ్లేడు ఏడు సెంటీమీటర్లు. 5, అంతకంటే చిన్నవాటికి లాక్ వలయం ఉండదు. నాకది లోపంగా అనిపించదు. లాక్ లేకపోతే ఎవరూ బలంగా పొడవరు, పొడిచి తిప్పరు, మెల్లగా కోస్తారు. కోస్తా ఊళ్ళలో వానాకాలం ఆ చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది. పిడి చివరను బల్ల మీద తట్టితే మొన బయటికొస్తుంది. సవోయ్ రైతులు చేసేదీ అదే.

మన దగ్గర 2016 ఆయుధాల నిబంధనలు 9 అంగుళాల కంటే పొడుగు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తులను ఆయుధాల కింద లెక్కేస్తాయి. ఇంటిపనికీ సేద్యానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. జేబులో పట్టే ఏ మడత చాకూ ఆ కొలత దాకా రాదు, కాబట్టి పెద్దది కొన్నా ఫర్వాలేదని వాదిస్తారు. పక్కనున్న మనిషికి భయం ఆ కొలతలను బట్టి పుట్టదు. విమానంలో మాత్రం పెద్దదైనా చిన్నదైనా చేతిసంచిలో వద్దు, లగేజీలో వేయండి.

ఇచ్చేటప్పుడు మూసి ఇవ్వండి. కత్తిని చేతి నుంచి చేతికి ఇస్తే తగువులొస్తాయని మన పెద్దవాళ్ళు కింద పెట్టి తీసుకోమంటారు. నమ్మినా నమ్మకపోయినా సీటు మీద పెట్టండి, ఎవరి వేలూ తెగదు. పిడి మీద పేరు చెక్కించకండి. తిరిగి ఇవ్వడం మరిచిపోతే అడగకండి, ఆ చాకు చేరాల్సిన చోటికే చేరింది.

పెద్దది ఇప్పటికే కొనేసి ఉంటే వంటింట్లో ఇచ్చేయండి, కూరగాయలకు పనికొస్తుంది. ఈ వారమే ఒక చిన్నది కొని, సానరాయి మీద పదును పెట్టి జేబులో వేసుకోండి. మొండి చాకు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.