డిక్కీ అడుగు

కారు బానెట్టు ఎత్తి చూసే మగవాళ్లకి మన దేశంలో కొదవ లేదు. లోపల ఏముందో తెలియకపోయినా నడుం మీద చెయ్యేసుకుని కాసేపు చూసి, "కార్బురేటరే అయ్యుంటుంది" అని మూసేస్తారు. డిక్కీకి ఆ మర్యాద లేదు. దాన్ని తెరిచేది నింపడానికే. నింపాక దాని అడుగు ఉందో లేదో ఎవరికీ పట్టదు.

మా ఫియట్‌కి లేదు.

మా నాన్నగారు బుక్ చేసి, ఏళ్ల తరబడి కాచుకుని, బొంబాయి కుర్లాలో తయారైన ఈ బండిని 1970ల మొదట్లో ఇంటికి తెచ్చుకున్నారు. 1964లో 1100 డిలైట్‌గా మొదలైన ఆ మోడల్ 1974 నాటికి ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చుకుంది గానీ మా వీధిలో ఇప్పటికీ అది ఫియట్టే. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు. చలికాలం పొద్దున చోక్ లాగితే నేటికీ పలుకుతుంది. వెనకాల మాత్రం, డిక్కీలో పరిచిన పట్టా ఎత్తిన రోజున, కిందున్న మా వాకిటి ముగ్గు కనపడింది.

ఇలా ఎందుకైందో తెలియాలంటే మా కుటుంబ చరిత్ర చదవాలి. ఇనుము తుప్పు పట్టడానికి నీళ్లూ గాలీ చాలు. ఉప్పు తోడైతే పని చురుగ్గా సాగుతుంది. మా వంశం మూడింటికీ లోటు చెయ్యలేదు. 1980, 1992, 2004, 2016 - నాలుగు కృష్ణా పుష్కరాల్లోనూ స్నానాలు చేసొచ్చి తడిబట్టల మూటలు పడేసింది అందులోనే. మంగినపూడి వెళ్లినప్పుడల్లా సముద్రపు ఇసుక. ప్రతి వేసవికీ అమ్మమ్మగారి ఊరి నుంచి ఆవకాయ జాడీ. మూతికి గుడ్డ ఎంత బిగించి కట్టినా, గతుకుల రోడ్డు మీద ఊట తన దారి తాను చూసుకునేది. దీనికి తోడు డిక్కీ మూత చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు ఎండి బీటలు వారింది, నీళ్లు పోవాల్సిన కన్నం మట్టితో పూడుకుపోయింది. పైన పరిచిన పట్టా ఆ తడినంతా పీల్చి ఏడాది పొడుగునా భద్రంగా దాచిపెట్టింది. మా అత్తయ్య మాత్రం, "పుణ్యతీర్థం పడ్డ బండిరా, దానికేం కాదు" అనేది. నాలుగు పుష్కరాల పుణ్యం కలిసి ఇంత పెద్ద బెజ్జం చేసింది.

విజయవాడ ఆటోనగర్లో టింకరింగ్ షెడ్డుకి తీసుకెళ్లాం. 'తీసుకెళ్లాం' అంటే నేనూ, మా బావమరిదీ. పాత కారు బాగు చేయించడానికి బావమరిది లేకుండా వెళ్లినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. మేస్త్రీ గారు స్క్రూడ్రైవరు తీసుకుని, గట్టిగా ఉందనుకున్న చోట పొడిచారు. దిగింది. ఇంకోచోట పొడిచారు. అక్కడా దిగింది. "రేకు లేదు సార్. ఇన్నాళ్లూ పెయింటే మోసింది" అన్నారు, పెయింటు మీద గౌరవంతో.

"ప్లైవుడ్ ముక్క కోసి పరిచేద్దాం బావా, పైన కార్పెట్టు వేస్తే ఎవడు చూస్తాడు?" అన్నాడు మావాడు.

మేస్త్రీ నా వైపు జాలిగా చూశారు. 1953లో ఇటలీలో పుట్టినప్పుడే ఈ 1100కి విడిగా ఛాసిస్ లేదు. రేకులన్నీ కలిసి అతుక్కునే బండిని నిలబెడతాయి. అడుగు రేకు సామాను మోయడానికి మాత్రమే కాదు, వెనక భాగం మెలితిరక్కుండా పట్టి ఉంచడానికి కూడా. ప్లైవుడ్ ఆ పని చెయ్యదు సరికదా, తడి పీల్చి పక్కనున్న మంచి రేకుకి అంటిస్తుంది. మా పై వాటాలో ఉండే రిటైర్డ్ ఇంజనీరు గారు ఫోన్లో జీఐ రేకు వెయ్యమన్నారు, తుప్పు పట్టదని. ఆ రేకు మీద ఉండే జింకు పూత వెల్డింగు వేడికి పొగై లేస్తుంది. అది పీలిస్తే ఆ రాత్రి చలీ జ్వరం వస్తాయి. మేస్త్రీకి ఆ జ్వరం పేరు తెలియదు గానీ జ్వరం బాగా తెలుసు. "ఇంజనీరు గారినే వచ్చి వెల్డింగ్ చెయ్యమనండి సార్" అన్నారు.

అమెరికాలో 1965 ఫోర్డ్ మస్టాంగ్ ఉన్నవాడికి ఈ గొడవ లేదు. డిక్కీ అడుగులు కొత్తగా అచ్చుకొట్టి అమ్మేవాళ్లున్నారు. ఆర్డరిస్తే అట్టపెట్టెలో ఇంటికొస్తాయి. మాకూ అట్టపెట్టె వచ్చింది, మా వాషింగ్ మెషీన్‌ది. మేస్త్రీ దాన్ని విప్పి, డిక్కీలో పరిచి, అంచుల వెంట పెన్సిలు గీసి, కత్తిరించి, మళ్లీ పరిచి, మళ్లీ కత్తిరించారు. అట్ట మీద గీత తప్పితే పోయేది అట్టే. రేకు మీద తప్పితే డబ్బు. కుడివైపు అట్టని తిరగేసి ఎడమవైపుకి వాడుకోవచ్చు గదా అని మా బావమరిది సమయం ఆదా చేయబోయాడు. పెడితే వేలెడు తేడా. కుర్లాలో ఆ రోజు ఎడమవైపు కట్టినాయనా, కుడివైపు కట్టినాయనా మాట్లాడుకుంటున్నట్టు లేదు.

ఆ తర్వాత రేకు. 20 గేజి సీఆర్ రేకు, అంటే మందం 0.9 మిల్లీమీటర్లు. ఎనిమిదడుగులు బై నాలుగడుగుల షీటు 21 కిలోలు తూగుతుంది. ఇంత రేకు ఎందుకు, డిక్కీ అంత ఉంటుందా అని నేను బేరంలో దిగాను. అప్పుడు తెలిసింది, చదునుగా కనపడే డిక్కీ అడుగులో చదునైన చోటే లేదని. అంచుల్లో మడతలు, స్టెప్నీకి పల్లం, అడ్డంగా పొడుగ్గా గాళ్లు. ఆ గాళ్లు అందానికి కాదు. 0.9 మిల్లీమీటర్ల రేకుని చదునుగా వదిలేస్తే చెయ్యి ఆనించగానే లోపలికి 'టక్'మంటుంది, తియ్యగానే పైకి 'టక్'మంటుంది. గాడి పడితే నోరు మూసుకుంటుంది.

కంపెనీలో ప్రెస్సు ఒక్క దెబ్బకి చేసే ఆ పనిని ఇక్కడ సుత్తి చెయ్యాలి. మేస్త్రీ తుమ్మ చెక్కలో గాడి తొలిచి, దాని మీద రేకు బిగించి, మొద్దు ఉలితో ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా కొట్టుకుంటూ పోయారు. మళ్లీ మొదటికొచ్చి ఇంకాస్త లోతు. ఒకేసారి లోతుకి దిగితే రేకు చిరుగుతుంది. గాడిలోకి దిగిన మేరకు రేకు వెడల్పు తగ్గుతుంది కాబట్టి ముందే కొలతకి కోయకూడదు, గాళ్లయ్యాక కోయాలి. ఇది ఏ పుస్తకంలోనైనా ఉందేమో గానీ, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడికి మాత్రం నెత్తి మీద మొట్టికాయగా అందింది. మడతలకి యంత్రం లేదు. రెండు ఇనప యాంగిళ్ల మధ్య రేకు బిగించి చెక్కసుత్తితో వంచడమే.

పాత రేకుకి ఎన్ని గాళ్లున్నాయో, ఏ దిక్కున ఉన్నాయో, కొత్తదానికీ అన్నే, అదే దిక్కున ఉండాలని ఆయన పట్టు. "రెండు తక్కువేస్తే పని తొందరగా అవుతుంది గదా మేస్త్రీ గారూ, ఎవరు చూస్తారు?" అన్నాను. బావమరిది సావాసం.

"ఇరవై ఏళ్లకి ఇంకో మేస్త్రీ ర్యాంపు ఎక్కించి కింద నుంచి చూస్తాడు సార్. 'ఎవడురా ఇది చేసింది' అని అడుగుతాడు."

అప్పటికి మనమెవరం ఉంటామో లేదో గానీ ఆ ప్రశ్న మాత్రం ఉంటుందని ఆయన నమ్మకం. నేను మారు మాట్లాడలేదు.

వెల్డింగుకి ముందు బ్యాటరీ తీగ విప్పారు, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టించారు. "ఖాళీ ట్యాంకే గదా" అని మావాడు దాని మీద కూర్చోబోతే కుర్రాడు కేకేశాడు. నిండు ట్యాంకు కన్నా ఖాళీదే ప్రమాదం, మండేది ఆవిరి. పాత పద్ధతిలో గ్యాస్ వెల్డింగ్ ఏకబిగిన లాగిస్తే వేడికి పల్చటి రేకు నూనెలో వేసిన అప్పడమై లేస్తుంది. అందుకని సీఓటూ వెల్డింగుతో ఇక్కడో అంగుళం, ఎదురుమూల ఇంకో అంగుళం, మధ్యలో చల్లారేదాకా టీ. టీ విరామం కాదు, పనిలో భాగం. నేను డబ్బిచ్చే సాంకేతిక ప్రక్రియల్లో నాకు పూర్తిగా అర్థమైంది అదొక్కటే.

అంతా అతికాక, అతుకుల్లో సీలరు పూసి, రెడాక్సైడ్ కొట్టాక, మేస్త్రీ డ్రిల్లు తీసుకుని అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట నిక్షేపంలాంటి కొత్త రేకుకి ఓ కన్నం పెట్టారు. బావమరిది గుండె పట్టుకున్నాడు. "ఇంత డబ్బు పోసింది కన్నాలు మూయించుకోవడానికే గదండీ!"

"అవి తుప్పు పెట్టిన కన్నాలు. ఇది నీళ్లు పోవడానికి పెట్టింది" అని రబ్బరు బిరడా నా చేతిలో పెట్టారు. "వానాకాలం ముందు తీసి చూసుకోండి సార్."

అడుగున నల్లటి తారుపూత కొట్టేసరికి అన్ని దెబ్బలతో వేసిన గాళ్లు సగం కనపడకుండా పోయాయి. పైన కొత్త కార్పెట్టు పరిచేసరికి మిగతా సగమూ పోయాయి. ఇంటికి వెళ్లాక మా ఆవిడ డిక్కీ తెరిచి చూసి, "ఏమండీ, ఇంతకీ ఏం చేయించారు?" అంది. కార్పెట్టు ఎత్తి చూపించబోయాను. "ఎత్తకండి, బాగా అతికించినట్టున్నాడు" అని మూసేసింది.

డబ్బు కట్టిన రోజున, గుర్తుగా ఉంటుంది గదా అని ఆ అట్టలు అడిగాను. మేస్త్రీ ఒప్పుకోలేదు. అప్పటికే వాటి మీద బండి మోడల్ రాసి, గోడకి మేకు కొట్టి తగిలించారు. వాషింగ్ మెషీన్ బొమ్మ తలకిందులుగా వేలాడుతోంది. "రేకు మీది సార్, అట్ట నాది" అన్నారు.

షెడ్డు గుమ్మంలో ఇంకో ఫియట్ ఆగి ఉంది. యజమాని దిగులుగా డిక్కీలోకి చూస్తున్నాడు. పక్కనున్న కుర్రాడు, పోలికల్ని బట్టి కాదు గానీ హుషారుని బట్టి ఆయన బావమరిదే అయ్యుండాలి, చేతులు చాపి ప్లైవుడ్ కొలత చెబుతున్నాడు.